సైకాలజీ పరిశోధన వ్యాసం: సర్వే చేయాలా, సమీక్ష రాయాలా, మనుషులతో మాట్లాడాలా?

మార్చి నెలలో నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ పక్క సందుల్లో ఏ జిరాక్స్ షాపుకు వెళ్లినా స్పైరల్ బైండింగ్ మిషన్ చప్పుడే. పోయినేడు ఏదో సర్టిఫికెట్ కాపీ తీయించుకోవడానికి వెళ్లి, బల్ల మీద వరసగా పరిచిన ప్రాజెక్టులు చూశాను. మూడింటి అట్టల మీద ఒకటే పేరు: ‘విద్యార్థులలో మానసిక ఒత్తిడి – ఒక అధ్యయనం’. ఊళ్లు మాత్రం వేరు. ఒకటి మిర్యాలగూడ, ఒకటి దేవరకొండ, ఇంకోటి నకిరేకల్. మూడింటిలోనూ ముప్పై మందే. పదిహేను మంది అబ్బాయిలు, పదిహేను మంది అమ్మాయిలు, రెండు పై చార్టులు, చివర్లో ‘విద్యార్థులు యోగా చేయాలి’ అని సలహా.

రాసిన పిల్లలను తప్పు పట్టడం లేదు. డిగ్రీలో సైకాలజీ చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీని నేను, ఇలాంటివి ఏడాదికి పాతిక ముప్పై చదువుతాను. కష్టపడని పిల్లలు తక్కువ. గడబిడ అంతా మొదటి రోజే జరిగిపోతుంది. ‘ప్రాజెక్ట్ అంటే సర్వే’ అని ఎవరో సీనియర్ చెప్తాడు, ఆ సాయంత్రమే గూగుల్ ఫారం తయారవుతుంది. వేరే దారులున్నాయని ఎవరూ చెప్పరు. ఇప్పుడు డిసెంబరే కదా, ఇంకా టైముంది. అందుకే రాస్తున్నాను.

డిగ్రీ, పీజీ స్థాయిలో ఒక విద్యార్థి ఒంటిచేత్తో చేయగలిగే పరిశోధన వ్యాసాలు నాలుగు రకాలు. ప్రశ్నాపత్రంతో సర్వే, ఇదివరకు జరిగిన పరిశోధనల సమీక్ష, కొద్దిమందితో లోతైన ఇంటర్వ్యూలు, తరగతి గదిలో చిన్న ప్రయోగం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అందరూ మొదట ఎంచుకునే సర్వే మన పిల్లలకు చివరి ఎంపిక కావాలి. పాలమూరు, నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూలో ఉన్నంత పైచేయి ఇంకెక్కడా లేదు. టైము బొత్తిగా లేకపోతే సమీక్ష.

సర్వే తేలికనిపిస్తుంది, అక్కడే చిక్కు

వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే రెండు రోజుల్లో నలభై జవాబులు వస్తాయి. ఎవరివి? మీ స్నేహితులవి, మీ స్నేహితుల స్నేహితులవి. అందులో సగం మంది బస్సులో నిలబడి నింపినవాళ్లు. వాళ్లను పట్టుకుని ‘మహబూబ్‌నగర్ జిల్లా యువత’ అని రాయడం కుదరదు.

తర్వాత లెక్క. రెండు విషయాల మధ్య, ఉదాహరణకు నిద్ర గంటలకూ ఒత్తిడికీ మధ్య, ఓ మోస్తరు సంబంధం ఉందనుకుందాం. సహసంబంధ గుణకం (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె, సున్నా అంటే సంబంధం లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.3 అనుకోండి. అది నిజంగా ఉన్నప్పుడు మీ సర్వేకు చిక్కే అవకాశం 80 శాతం ఉండాలంటే దాదాపు 85 మంది కావాలి. ముప్పై మందితో చేస్తే ఆ అవకాశం మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే ఉన్న సంబంధాన్ని కూడా మీరు ‘లేదు’ అని రాసేసే ప్రమాదమే ఎక్కువ. ఆ ముప్పై అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, మన ప్రాజెక్టుల్లో గోడకు కొట్టిన మేకులా దిగిపోయింది.

ప్రశ్నల దగ్గరికి వద్దాం. ఒత్తిడి కొలవడానికి మనవాళ్లు ఎక్కువగా వాడేది షెల్డన్ కోహెన్ బృందం 1983లో ప్రచురించిన స్కేలు. దాని పది ప్రశ్నల రూపంలో ఒక్కో జవాబుకు 0 నుంచి 4 మార్కులు, మొత్తం 40. అందులో 4, 5, 7, 8 ప్రశ్నలు తిరగేసి లెక్కపెట్టాలి. ‘అన్నీ నేను అనుకున్నట్టే జరుగుతున్నాయి’ అనే తరహా ప్రశ్నలు అవి. వాటికి ‘చాలాసార్లు’ అని టిక్ పెట్టినవాడికి ఒత్తిడి తక్కువున్నట్టు. ఈ నాలుగింటినీ తిరగేయకుండా కూడిన ప్రాజెక్టులు నా చేతికి ఎన్నో వచ్చాయి. హాయిగా ఉన్నవాడికి టెన్షన్, టెన్షన్ ఉన్నవాడికి హాయి అంటగట్టి, దాని మీద పై చార్టు గీసి, రంగులు వేసి తెస్తారు.

అనువాదం ఇంకో తలనొప్పి. ఒక అమ్మాయి ఇంగ్లీషు స్కేలును తనే తెలుగు చేసుకుని, ‘నర్వస్‌గా ఉందా’ అన్న మాటను అలాగే ఉంచేసింది. హాస్టల్లో ఒక పిల్లాడు అడిగాడట, ‘అక్కా, నరాల వీక్‌నెస్ గురించా?’ అని. వాడి అనుమానం న్యాయమైనదే. మన దగ్గర ఆ మాటకు ఆ అర్థమే. ఇలాంటివి తెలియాలంటే తెలుగు చేసిన ప్రశ్నను ఇంగ్లీషు ప్రశ్న చూడని ఇంకొకరికి ఇచ్చి మళ్లీ ఇంగ్లీషులోకి మార్చమనాలి. తర్వాత అయిదారుగురి చేత నింపించి, పక్కన కూర్చుని ‘దీన్ని నువ్వు ఏమని అర్థం చేసుకున్నావ్’ అని అడగాలి. ఈ పనికే రెండు వారాలు పడుతుంది. సర్వే తేలిక అన్నవాళ్లు ఈ రెండు వారాలను ఎగ్గొట్టినవాళ్లే.

ఇక నా సొంత కథ. పీజీలో ఉన్నప్పుడు నేను కూడా సర్వేనే ఎంచుకున్నాను. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉచితంగా దొరుకుతుంది, తెలుగులో కూడా ఉంది. అరవై కాపీలు తీసి, ఒక హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక పంచాను. వార్డెన్‌ను అడగలేదు, అనుమతి పత్రం లేదు. పేర్లు రాయొద్దని చెప్పాను, అదే పెద్ద జాగ్రత్త అనుకున్నాను. గదికొచ్చి లెక్కపెడుతుంటే ఒక కాగితం మీద తొమ్మిదో ప్రశ్నకు ‘దాదాపు ప్రతిరోజూ’ దగ్గర టిక్ ఉంది. ఆ ప్రశ్న చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. పేరు లేదు. చేతిరాత కూడా లేదు, ఉత్త టిక్కులే. తెల్లారి మెస్‌లో అరవై ముఖాలు చూస్తూ కూర్చున్నాను. రెండు రోజులు దాచి, మూడో రోజు వార్డెన్ సారుకు చెప్పాను. ఆయన నన్ను తిట్టాడు, తిట్టాల్సిందే. ఆ టిక్ పెట్టినవాడు ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

కాబట్టి డిగ్రీ పిల్లలకు నేను ఆ పత్రం ముట్టుకోవద్దనే చెప్తాను. తప్పనిసరి అయితే తొమ్మిదో ప్రశ్న తీసేసిన ఎనిమిది ప్రశ్నల రూపం ఉంది, అది వాడండి. కాగితం కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయండి. 2022 నుంచి నడుస్తున్న ఉచిత సేవ అది. కాలేజీలో బాధ్యత తీసుకునే సారో మేడమో ఉంటేనే మొదలుపెట్టండి.

మరి సర్వే ఎవరు చేయాలి? మీ గైడు దగ్గర ఇదివరకే పరీక్షించిన తెలుగు స్కేలు ఉండి, మీ చేతికి వంద మంది అందుబాటులో ఉండి, ఆ స్కేలు తొమ్మిదో ప్రశ్నలాంటి మందుపాతర లేనిదైతే చేయండి. అప్పుడు అది మంచి ఎంపికే.

సమీక్ష: ఇల్లు కదలకుండా చేసే పరిశోధన, కానీ కునుకు తీస్తూ చేసేది కాదు

దీన్ని తెలుగు పుస్తకాల్లో ‘సాహిత్య సమీక్ష’ అంటారు. ఆ పేరు విని ఒక పిల్లాడు నిజంగానే వేమన పద్యాలతో మొదలుపెట్టాడు. ఇక్కడ సాహిత్యం అంటే మీ ప్రశ్న మీద ఇదివరకు వచ్చిన పరిశోధన పత్రాలు.

సమీక్షలో గెలుపోటములు ప్రశ్న ఎంత ఇరుగ్గా ఉందన్న దాని మీదే ఉంటాయి. ‘జ్ఞాపకశక్తి’ మీద సమీక్ష రాయలేరు. ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే అర్థంలేని అక్షరాలతో చేసుకుని 1885లో ప్రచురించిన ప్రయోగాల నుంచి ఈరోజు దాకా ఉన్నదంతా మీ నెత్తిన పడుతుంది. ‘మళ్లీ మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తు చేసుకోవడం పరీక్షకు ఎక్కువ పనికొస్తుందా’ అంటే రాయగలరు.

మన జిల్లాకు సరిగ్గా అతికే ప్రశ్న ఒకటి ఉంది, ఎవరూ రాయరు. ఫ్లోరైడ్ నీళ్లు పిల్లల తెలివితేటల మీద ప్రభావం చూపుతాయా? నల్గొండ అంటే దేశమంతా ఫ్లోరోసిస్ గుర్తుకొస్తుంది. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్ల ఫోటోలు అందరూ చూశారు. కానీ మనం ఎముకల దగ్గరే ఆగిపోయాం. మెదడు సంగతి సైకాలజీ విద్యార్థి అడగాల్సిన ప్రశ్న.

ఇది ఎంచుకున్న పిల్లాడు, నేను చెప్తానంటే వినేవాడైతే, ఇలా నడవాలి. 2012లో చోయ్, గ్రాంజాన్ మొదలైనవాళ్లు 27 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట్ల పిల్లల సగటు ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) తక్కువగా కనిపించింది. కానీ ఆ అధ్యయనాల్లో దాదాపు అన్నీ చైనావి. చాలావాటిలో తల్లిదండ్రుల చదువు, పేదరికం, నీటిలోని ఇతర పదార్థాల లెక్క సరిగ్గా తీసుకోలేదు. తర్వాత 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్‌కూ పిల్లల్లో తక్కువ ఐక్యూకూ సంబంధం ఉందని ఓ మోస్తరు నమ్మకంతో చెప్పింది. అంతకంటే తక్కువ మోతాదు గురించి చెప్పడానికి ఆధారాలు చాలవంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అనుమతి. చూశారా, ఆ 1.5 అనే గీత రెండు చోట్లా కలిసింది. వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకూ, అంతకు ముందు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకూ తేడా చూడాలంటే ఎలాంటి అధ్యయనం కావాలో చివరి రెండు పేజీల్లో మీరే ప్రతిపాదించవచ్చు.

‘సార్, మేమే వెళ్లి పిల్లలకు ఐక్యూ టెస్ట్ పెడితే?’ అని అడుగుతారు. వద్దు. ఆ పరీక్షలు పెట్టడానికి శిక్షణ కావాలి, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. మార్కులు తక్కువ వచ్చాయంటే అది నీళ్లదా, బడిదా, తిండిదా అని మీరు విడదీయలేరు. పైగా ‘మా ఊరి పిల్లలకు తెలివి తక్కువ’ అనే ముద్ర ఒకటి మిగిల్చి వస్తారు.

చదివే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే సమీక్షలు చెడేది అక్కడే. లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి ఏడు గడులు గీయండి. ఎవరు, ఏ ఏడు, ఎక్కడ, ఎంతమంది, ఎలా కొలిచారు, ఏం తేలింది, నా అనుమానం. ఒక్కో పత్రానికి ఒక్కో వరస. పది పన్నెండు వరసలు నిండాక పుస్తకాన్ని దూరంగా పెట్టి చూస్తే, ఎవరు ఎవరితో ఏకీభవించట్లేదో కంటికి కనిపిస్తుంది. మీ వ్యాసం ఆ గొడవ గురించి రాయాలి. ‘ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు’ అని పెళ్లిలో కట్నాలు చదివినట్టు చదివితే అది సమీక్ష కాదు. చివరి గడి ఖాళీగా ఉన్న వరస ఏదైనా ఉంటే, ఆ పత్రం మీరు చదవలేదని అర్థం.

టెక్స్ట్‌బుక్‌లో ఉందని కళ్లు మూసుకుని రాయకండి. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతిని చంపుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారని ప్రతి సామాజిక మనస్తత్వశాస్త్ర పాఠంలోనూ ఉంటుంది. 2007లో మానింగ్, లెవిన్, కాలిన్స్ పాత రికార్డులు తిరగేసి, ఆ కథ చెప్పినట్టుగా జరిగిందనడానికి ఆధారం లేదని చూపించారు. 2015లో సైకాలజీలోని వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలబడిన ఫలితాలు 36 శాతమే. ఇలాంటి ఒక పాత ప్రసిద్ధ ప్రయోగం తీసుకుని ‘ఇది ఇప్పటికీ నిలబడుతుందా’ అని రాయడం సమీక్షల్లోకెల్లా సులువైన దారి. రెండు వారాలే ఉన్నవాళ్లకు నేను ఇదే ఇస్తాను.

పత్రాలు ఎక్కడ దొరుకుతాయి? గూగుల్ స్కాలర్‌లో ఒక మంచి పత్రం పట్టుకుంటే, దాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో కింద ఉంటుంది, ఆ తీగ లాగండి. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ వెబ్‌సైటులో ఉచితం. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ క్యాంపస్‌లలో చదివేవాళ్లు ముందు లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి లాగిన్ సంగతి అడగండి. ప్రైవేటు కాలేజీ పిల్లలకు ఇది నేరుగా అందదు, వాళ్లు ఉచితంగా దొరికే పత్రాలున్న ప్రశ్ననే ఎంచుకోవడం మేలు.

ఇంటర్వ్యూ: మన చేతిలో ఉన్న తాళంచెవి

దసరా దాటిందంటే నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు తండాల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. ముంబై, పుణె బస్సులు నిండుతాయి. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. పాలమూరు వలస మీద ఆర్థికవేత్తలు, జర్నలిస్టులు చాలా రాశారు. తల్లిదండ్రులు ఏడాదిలో ఆరేడు నెలలు ఫోన్లోనే కనిపించే పిల్లాడి మనసులో ఏముంటుంది అన్నది సైకాలజీ ప్రశ్న. దాన్ని అడగడానికి ఢిల్లీ నుంచి వచ్చే పరిశోధకుడికి దుబాసీ కావాలి. లంబాడీ మాట్లాడే మా విద్యార్థికి అక్కర్లేదు. వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెడతారు, చాయ్ ఇస్తారు, ‘మీ అవ్వ బాగుందా’ అని అడుగుతారు. ఈ చనువు డబ్బు పెట్టి కొనేది కాదు.

ఎంతమంది కావాలి? డిగ్రీకి అయిదారుగురు చాలు, కానీ ఒక్కొక్కరితో ముప్పావు గంట కూర్చోవాలి. ఒక గంట రికార్డింగును కాగితం మీదకు ఎక్కించడానికి నాకైతే అయిదారు గంటలు పడుతుంది. దీన్ని లెక్కలో వేసుకోకుండా దిగినవాళ్లు ఫిబ్రవరి చివర్లో ఏడుస్తూ ఫోన్ చేస్తారు.

ఆ తర్వాత చేసేదాన్ని ఇతివృత్త విశ్లేషణ అనవచ్చు. వర్జీనియా బ్రాన్, విక్టోరియా క్లార్క్ 2006లో రాసిన ఆరు అంచెల పద్ధతినే అందరూ వాడుతున్నారు. ఆరు అంచెలనగానే భయపడకండి, ఒక వాక్యంతో చూపిస్తాను. ఒక నాయనమ్మ అన్న మాట: ‘పండుగకొస్తనంటడు బిడ్డా, పండుగనాడు ఫోన్ల మొకం జూపిస్తడు. పిల్లగాడు ఫోన్ నాకిచ్చి ఆడుకోను పోతడు.’ మొదటి వాక్యం పక్కన పెన్సిల్‌తో ‘మాట తప్పడం’ అని రాయవచ్చు. రెండో వాక్యం అసలుది. పిల్లవాడు ఏడవలేదు, అలగలేదు, ఫోన్ ఇచ్చి వెళ్లిపోయాడు. దాని పక్కన ‘ఎదురుచూపు మానేయడం’ అని రాశాం. మిగతా అయిదుగురి మాటల్లో ఇలాంటిది మళ్లీ కనిపిస్తుందా, దీనికి ఎదురు తిరిగే మాట ఎవరైనా అన్నారా అని వెతకాలి. మూడు నాలుగు చోట్ల దొరికితే అది ఒక ఇతివృత్తం అవుతుంది.

ఆ నాయనమ్మ మాటను ‘పండుగకు వస్తానని చెబుతాడు’ అని పుస్తకాల భాషలోకి దిద్దకండి. అన్నది అన్నట్టే ఉండాలి. దిద్దిన వెంటనే ఆమె పోయి మీరు మిగులుతారు.

పిల్లలతో మాట్లాడాలంటే చిక్కుంది. పద్దెనిమిది లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం దానికి తోడు ఏడేళ్లు దాటిన పిల్లవాడి ఒప్పుకోలు కూడా తీసుకోవాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా. తల్లిదండ్రులు ముంబైలో ఉంటే సంతకం ఎవరు పెట్టాలి? అందుకే నేను ప్రశ్ననే మారుస్తాను. ఇప్పుడు ఇరవై ఏళ్లున్న, చిన్నప్పుడు అలా పెరిగిన మీ ఈడు వాళ్లతో మాట్లాడండి, లేదా పిల్లలను సాకుతున్న అవ్వా తాతలతో మాట్లాడండి. ఇద్దరూ తమ సంతకం తామే పెట్టగలరు, కనీసం వేలిముద్ర వేయగలరు.

పేర్లు మార్చితే సరిపోతుందని కూడా అనుకోవద్దు. అరవై ఇళ్ల తండాలో ‘కొడుకు పుణెలో, ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతున్న అవ్వ’ అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. తండా పేరు తీసేయండి, పిల్లల సంఖ్య మార్చండి, మార్చినట్టు వ్యాసంలో చెప్పండి.

ఈ రకం వ్యాసానికి ఒక లోపం ఉంది. ఆరుగురి మాటలతో ‘పాలమూరు పిల్లలు’ అని తీర్మానించలేరు. ‘నేను మాట్లాడిన ఆరుగురిలో’ అనే మాట ప్రతి పేజీలో రావాలి. పై చార్టులు లేవేంటని అడిగే ఎగ్జామినర్లు కూడా అక్కడక్కడా తగులుతారు. ముందే మీ గైడుతో మాట్లాడి ఒప్పించుకోండి.

ప్రయోగం: తరగతి గది మీదైతే

ఇది తక్కువ మంది ఎంచుకుంటారు గానీ, బీఈడీ చేస్తూనో, ఎక్కడైనా ట్యూషన్ చెప్తూనో ఉన్నవాళ్లకు బంగారం లాంటి అవకాశం. 2006లో రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగం తీసుకోండి. విద్యార్థులకు చిన్న గద్యభాగాలు ఇచ్చారు. కొన్నింటిని రెండోసారి చదివించారు, కొన్నింటిని చూడకుండా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివిన భాగం మీద ఎక్కువ గుర్తుంది. రెండు రోజులకు, వారానికి పరీక్ష పెడితే ఫలితం తిరగబడింది, చూడకుండా రాసిందే నిలిచింది. కంఠస్థం పెట్టి చదివే మన పిల్లల మీద ఇది తెలుగు పాఠంతో పనిచేస్తుందా? మంచి ప్రశ్న, ఖర్చు జిరాక్స్ డబ్బులే.

ముందు బెంచీలను ఒక జట్టు, వెనక బెంచీలను ఒక జట్టు చేయకండి. మీరు కొలిచేది బెంచీలనే అవుతుంది. బొమ్మా బొరుసా వేసి పంచండి. రెండు వేరు వేరు జట్లయితే ఓ మోస్తరు తేడా పట్టుకోవడానికి జట్టుకు 64 మంది కావాలి. ప్రతివాడి చేత ఒక పాఠం మళ్లీ చదివించి, ఇంకో పాఠం గుర్తుచేసుకుని రాయిస్తే, అదే మోతాదు తేడాకు మొత్తం 34 మందితో పని జరుగుతుంది. సగం మందికి పాఠాల వరస మార్చడం మరిచిపోవద్దు. బడి పిల్లలైతే హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు ఇక్కడా తప్పవు. తేడా ఏమీ రాకపోతే రాలేదనే రాయండి. లెక్కకు ఎస్‌పీఎస్‌ఎస్ దొంగ కాపీ కోసం తిరగక్కర్లేదు, జాస్ప్, జమోవి అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు సరిపోతాయి.

మిగతా చిన్న ఎంపికలు

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? మీ యూనివర్సిటీ ఏది ఒప్పుకుంటుందో ముందు కనుక్కోండి. రెండూ కుదిరితే, మీరు ఇంట్లో గొడవపడే భాషలో రాయండి. వాదన ఆ భాషలోనే బలంగా వస్తుంది. ఇంగ్లీషు తప్పనిసరి అయినవాళ్లు వాదన మొత్తాన్ని ముందు తెలుగులో ఒక్క పేజీ రాసుకుని, తర్వాత మొదలుపెట్టండి. తెలుగులో రాసేవాళ్లు స్మృతి, ప్రత్యక్షం, సహసంబంధం లాంటి తెలుగు అకాడమీ మాటలు వాడినా, ఒత్తిడిని ఒకచోట ఒత్తిడి అని, ఇంకోచోట స్ట్రెస్ అని, మరోచోట టెన్షన్ అని రాసి మూడు వేరు వేరు విషయాల్లా కనిపించేలా చేయొద్దు.

ఉదహరింపు పద్ధతిలో ఎంపిక అక్కర్లేదు, సైకాలజీలో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఏపీఏ పద్ధతే. ఇప్పుడు నడుస్తున్నది 2019లో వచ్చిన ఏడో కూర్పు. వాక్యంలో రచయిత ఇంటిపేరు, ఏడు. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ రచయితలుంటే మొదటివారి పేరు రాసి, పక్కన ‘et al.’ (తదితరులు) అంటే చాలు.

రెడీమేడ్ ప్రాజెక్టు కొనాలా, ఏఐని అడగాలా, మనమే రాయాలా? కొన్నవాడిని వైవాలో ‘మీ ప్రశ్నాపత్రంలో నాలుగో ప్రశ్న ఏంటి బాబూ’ అని అడిగితే చాలు, ఫ్యాన్ వైపు చూస్తాడు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటితే సిద్ధాంత వ్యాసం వెనక్కి వస్తుంది, అరవై దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఏఐ సంగతి వేరు. ఇంగ్లీషు వాక్యం దిద్దించుకోవడానికి, అర్థం కాని పేరా విడమరిపించుకోవడానికి మీ కాలేజీ ఒప్పుకుంటే వాడండి, వాడినట్టు చెప్పండి. పరిశోధన పత్రాల పేర్లు మాత్రం దాన్ని అడగొద్దు. లేని పత్రానికి ఉన్న రచయిత పేరు తగిలించి, జర్నల్ పేరు, పేజీ నంబర్లతో సహా ఇస్తుంది. నేను ప్రతి ప్రాజెక్టులో మూడు పత్రాలు వెతికి చూస్తాను, ఈమధ్య రెండు దొరకడం గగనమవుతోంది.

అక్టోబరులో దేవరకొండ దగ్గర తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి టైటిల్ కాగితం తెచ్చింది. మళ్లీ అదే, ‘విద్యార్థులలో మానసిక ఒత్తిడి’. ఎవరి ఒత్తిడి అమ్మా అని అడిగితే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘సార్, మా అమ్మావాళ్లు హైదరాబాద్‌ల కూలికి పోతే మమ్మల్ని మా నాయనమ్మనే సాకింది, ఆమె రాత్రిళ్లు నిద్రపోయేది కాదు’ అంది. కాగితం వెనక కొత్త టైటిల్ రాసుకుని వెళ్లింది: మనవలను పెంచుతున్న నాయనమ్మల రాత్రులు. మొన్న ఫోన్ చేస్తే మూడు ఇంటర్వ్యూలు అయ్యాయంది. నాలుగో అవ్వ పత్తి తీతకు పోతోందట, ఆదివారం పొద్దున పని లేదు, అప్పుడు రమ్మందట.